పదో పేరు

లీలారాణి అక్కకు ఫుట్‌బాల్ గురించి ఏమీ తెలియదు. గోలు కొడితే అరవాలని తెలుసు గానీ ఎవరు కొడితే అరవాలో తెలియదు. అలాంటి మనిషి మా వంటింట్లో కూర్చుని, మాంట్సెరాట్ అనే కరీబియన్ దీవి ఫుట్‌బాల్ జట్టు కోసం ఏడుస్తుంటే ఎలా ఓదార్చాలో నాకు తోచలేదు.

అక్కది చీరాల. మూడేళ్లుగా ఇక్కడ, ఐర్లండ్‌లోని టాలట్‌లో ఒక వృద్ధాశ్రమంలో కేరర్. ముసలివాళ్లకు స్నానాలు చేయించి, బట్టలు తొడిగి, అన్నం తినిపించే పని. పర్మిట్ మీద నెగ్గుకొస్తున్న ఉద్యోగం కాబట్టి ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తుంది.

అక్కడ ఒక గది తలుపు మీద 'హ్యూ డేలీ' అని చూసి ఐరిష్ తాత అనుకుందట. లోపల చూస్తే నల్లగా, పొడుగ్గా ఒక కరీబియన్ పెద్దమనిషి. "మా దీవిలో సగం మందికి మీ ఊరి పేర్లే, పాత దొరలు వదిలేసి పోయారు" అని నవ్వాడట. టాలట్ తన ఊరు కాదని అక్క చెప్పలేదు.

పంతొమ్మిది వందల డెబ్బైల్లో ఆయన మాంట్సెరాట్ జట్టుకు గోల్‌కీపర్. ఎక్కువగా ఓడిపోయేవాళ్లట. తరవాత అగ్నిపర్వతం పేలి ఊరు బూడిదలో మునిగింది. జనం చెల్లాచెదురయ్యారు. ఈయన ఇంగ్లండ్ చేరి, టాలట్ అమ్మాయిని చేసుకుని ఇక్కడికొచ్చాడు. ఆవిడ పోయింది, పిల్లలు లేరు. మాంట్సెరాట్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ఆఖరి జట్టు, భూటాన్ చేతిలో నాలుగు గోల్స్‌తో ఓడింది. దాన్నీ గర్వంగానే చెప్పేవాడట. ఆఖరివాళ్లయినా లెక్కలో ఉన్నారు కదా అని.

రోజూ పొద్దున అక్క ఆయన గడ్డం గీస్తుంటే, తనతో ఆడినవాళ్ల పేర్లు వరసగా చెప్పేవాడు. ముందు పదిమంది, చివర తను. జట్టు కాగితాలన్నీ బూడిద కిందే పోయాయని, ఆ పేర్లు తన నోట్లో, అందరూ సంతకాలు చేసిన తన పాత జెర్సీ మీద తప్ప ఇంకెక్కడా లేవని ఆయన బెంగ. తొమ్మిదో పేరు దగ్గరకొచ్చేసరికి గడ్డం పూర్తయ్యేది. పక్క గదిలో బెల్ మోగుతుండేది. "గ్రాండ్, గ్రాండ్, ఇక లేవండి మిస్టర్ డేలీ" అని, ఇక్కడివాళ్లు బాగుంది బాగుంది అన్నట్టే అనేసి, అక్క షవర్ తిప్పేది. రోజూ అంతే.

నవంబర్‌లో ఆయన ప్రెస్, అదే బీరువా, తెరిచి, బట్టల అడుగు నుంచి ఆకుపచ్చ జెర్సీ తీశాడు. లోపలివైపు పదకొండు సంతకాలు. "నువ్వు దాచు. నేను పోతే ఇది చెత్తలో పడుతుంది" అన్నాడు.

అంతకు ముందు నెలే, ఒక ముసలావిడ ఇచ్చిన స్కార్ఫ్ పుచ్చుకుందని అక్కడ ఒక పిల్ల ఉద్యోగం పోయింది. అక్క వద్దు వద్దంటూ, విప్పి చూడను కూడా చూడకుండా, మడత పెట్టి మళ్లీ ప్రెస్‌లో పెట్టేసింది. ఆయన బతిమాలలేదు. మర్నాటి నుంచి పేర్లు చెప్పడం మానేశాడు.

వారం తిరిగింది. నాలుగు రోజుల సెలవు తరవాత అక్క వెళ్లేసరికి ఆయన పోయాడు, మంచం ఖాళీ. ప్రెస్ కూడా ఖాళీ. "పాత బట్టలే కదా, పారేశాం" అన్నారట ఆశ్రమంవాళ్లు, మర్యాదగానే. వెనక చెత్త డబ్బాలన్నీ వెతికింది, అప్పటికే బండి వచ్చిపోయింది.

అక్క తన బైబిల్ చివరి పేజీలో ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు వేసుకుంది. తొమ్మిది పేర్లు రాసింది. పదకొండులో హ్యూ డేలీ అని రాసింది. పది ఖాళీ. నేను నెట్ అంతా గాలించాను, దొరకలేదు. ఆమె మొగుడు బాలశౌరి తనకు తోచింది తను అన్నాడు.

"ఎవుర్నన్నా అడిగి రాసుకోరాదంటే?"

"ఎవుర్ని అడగాలయ్యా? ఆయన్నే గందా అడగాల!"

నాకు ఆ ఆశ్రమం మీద ఒళ్లు మండిపోతోంది. అక్కకు మాత్రం ఎవరి మీదా కోపం లేదు, తన మీద తప్ప. అది చూస్తే నాకు ఇంకా మండుతుంది.

మొన్న మాంట్సెరాట్ ఆట ఏదో వస్తుంటే, మనసు కుదుటపడుతుందేమోనని ఫోన్‌లో పెట్టాను. మొదట్లో ఆటగాళ్ల పేర్లు తెర మీద వరసగా వచ్చాయి. అక్క ఒక్కొక్కటే వేలు పెట్టి పైకి చదివింది. తొమ్మిదో పేరు దగ్గర ఆగి, పది, పదకొండు కూడా చదివి, నా మొహం వంక చూసింది.

"పదకొండు పేర్లకి అంతేనా పట్టేది? అరనిమిషం గూడా పట్టలేదు గందమ్మా."