మోటరు లేచింది, కారు లేవలేదు

కాలిపోయిన ఇంజన్లను మీరు చూసే ఉంటారు. పొగ రాకుండా, చేతికి మసి అంటకుండా, కూర్చున్నచోటే కారును చంపినవాణ్ని మాత్రం చూసి ఉండరు. చూడండి, నేనే. చంపింది నా కారును కూడా కాదు, మా అక్క భర్త మల్లేశ్ బావ కారును.

ఆ కారు బిజినేపల్లిలో కిరాయికి తిరిగేది. కిరాయిలు ఎన్ని వచ్చినా వారానికి మూడుసార్లు మాత్రం అది బావ వాళ్లమ్మదే. అత్తమ్మకు కిడ్నీలు పోయాయి. నాగర్‌కర్నూల్ దవాఖానలో రక్తం కడిగే మిషన్ ఎక్కకపోతే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు.

ఒకనాడు బావ, "నలుగురు కూసుంటే బండి గుంజుతలేదు బామ్మర్ది" అన్నాడు. ఊరికే అన్నాడు. అప్పటికి నేను వనపర్తి గ్రంథాలయంలో మోటారు పుస్తకాలన్నీ నమిలి మింగి ఉన్నాను. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని దట్టించే చక్రం. పిల్లవాడికి బువ్వ తినిపించడం కాదు, కుక్కడం. ఒక మెకానిక్ చేత దాన్ని బిగించాం. గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి, లేకుంటే ఇంజన్ మాడుతుంది. ఆ లెక్క చూసేది కారులోని కంప్యూటర్.

తుక్కులోంచి ఒక టర్బో కారు కంప్యూటర్ కొని తెచ్చి పెట్టాను. అత్తగారింటి కుక్క కొత్తల్లుణ్ని చూసినట్టు అది బావ తాళంచెవిని చూసింది. తనది కాని తాళమని ఇంజన్‌ను కదలనివ్వలేదు.

"పాతదే పెట్టు. రేపు అమ్మను తోల్కపోవాలె" అన్నాడు బావ.

"పాతదే పెడత బావా. అండ్ల లెక్క మారుస్త, గంతే."

"తెల్వకుంటే ఇడ్సిపెట్టు."

"బుక్కుల ఉన్నది బావా."

పుస్తకంలో ఇంకొక మాట కూడా ఉంది: కారు కంప్యూటర్‌లోకి కొత్త లెక్క రాసేటప్పుడు కరెంటు నిలకడగా ఉండాలి. ఆ లెక్క రాయాల్సిన నా లాప్‌టాప్ బ్యాటరీ ఏనాడో చచ్చింది, తీగ ఊడితే ఆరిపోతుంది. ఇక నా తెలివి చూడండి. ఇంటి కరెంటు కంటే త్రీఫేజ్ కరెంటుకు బలమెక్కువని, కారును బావ చేనులోని బోరు మోటరు దగ్గర పెట్టించి అక్కడి నుంచి తీగ లాగాను. కారు కంప్యూటర్ ముందు పాతదంతా చెరిపేసి, తర్వాత కొత్తది రాసుకుంటుంది. చెరిపేసింది. రాయడం మొదలైంది. కరెంటు పోయింది.

రెప్పపాటే పోయింది. మా చేలల్లో మోటర్లకు ఆటో స్టార్టర్లు ఉంటాయి, కరెంటు రాగానే ఎవరూ ముట్టకుండానే అవి నడుస్తాయి. మోటరు దర్జాగా లేచి నీళ్లు పోసింది. లాప్‌టాప్ నల్లబడింది. తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు. ఉన్న కంప్యూటరూ పోయె, కొన్న కంప్యూటరూ పోయె.

"ఏమైంది?" అన్నాడు బావ.

"పాతది పోయింది బావా. కొత్తది ఎక్కలేదు."

"గది కాదు. నడుస్తదా, నడ్వదా?"

"నడ్వదు."

తిట్టలేదు. మోటరు నీళ్లలో కాళ్లు కడుక్కున్నాడు. "పొద్దుగాల అమ్మకు నువ్వే చెప్పు" అన్నాడు.

తెల్లారి అత్తమ్మకు జరిగింది చెప్పాను. ఊళ్లో ఒక్క కారూ దొరకలేదు, పెళ్లిళ్ల రోజులు. ఆటోలో బయల్దేరాం. అత్తమ్మ కాళ్లు దిండ్లలా ఉబ్బాయి. గుంత వచ్చినప్పుడల్లా నా భుజం పట్టుకుని ఊపిరి వెతుక్కుంది. డ్రైవర్ పక్కన కూర్చున్న బావ ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. నేను చదివిన పుస్తకాలన్నిట్లో ఆ దారికి పనికొచ్చే ముక్క ఒక్కటి లేదు.

ఆమె మిషన్ ఎక్కి, ఊపిరి కాస్త కుదుటపడింది అనుకునేసరికి దవాఖానలో ఫ్యాన్లు ఆగాయి, లైట్లు ఆరాయి. నేను "సిస్టరమ్మా, కరెంటు పోయింది, కరెంటు" అంటూ పరిగెత్తబోయి స్టూలును తన్ని, దాని మీదే పడ్డాను. మంచాల మీది వాళ్లంతా తలలు తిప్పి నన్ను చూశారు. మిషన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. వాటి లోపల బ్యాటరీ ఉంటుందట.

అత్తమ్మ కళ్లు తెరవకుండానే అంది: "కూసో బిడ్డా. గిది నువ్వు బిగిచ్చింది గాదు. నడుస్తది."

అప్పుడు, నిన్నటి నుంచి మొదటిసారి, బావ నవ్వాడు. ఆ మిషన్ సాక్షిగా నేను అక్కడే ప్రమాణం చేశాను: నడుస్తున్న ఏ వస్తువునూ ఈ జన్మలో ఇంకా బాగా నడిపించబోను.