కల్వర్టు వాష్‌అవుట్ అయిన రోజు

మా చిన్నప్పుడు మా దీవిలోని జంగ్లీఘాట్ పేటలో, వరదకి రోడ్డు కొట్టుకుపోతే రోడ్డు కూలీలు అనే వాష్‌అవుట్ మాట అందరి నోళ్ళలోనూ పడింది. వానకు డాలీగంజ్ మైదానంలో క్రికెట్ ఆగిపోతే వాష్‌అవుట్. ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు తడిసి కుళ్ళితే వాష్‌అవుట్. లెక్కల పరీక్ష తప్పిన నన్ను కూడా నాన్న అలాగే అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

మా ఇంట్లో వాన సంగతి చెప్పే పెత్తనం నాన్నమ్మది. ఆవిడ శ్రీకాకుళం తీరంలో పుట్టి పెరిగింది. అక్కడ కొంపలు ముంచే వాన సముద్రం మీంచే వచ్చేది. అందుకని ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయినా పొద్దున్నే అటే చూసేది. ఈ దీవిలో వానాకాలపు మబ్బు వెనక కొండల మీంచి వస్తుందని ఎవరు చెప్పినా చెవిన పెట్టేది కాదు.

ఆ రోజు అమ్మా, పక్కింటి పెద్దమ్మా చేపల గంపలెత్తుకుని కొండ అవతల కొత్తగా వెలిసిన కాలనీకి బయల్దేరారు.

"వోనొస్తాదా అత్తా?" అని అమ్మ అడిగింది.

"సంద్రం అద్దంనాగుంది. ఏటీ నేదు, ఎల్లి రండి," అంది నాన్నమ్మ.

మధ్యాహ్నానికి రావాల్సినవాళ్ళు రాలేదు. మా గుమ్మంలో ఎండ కాస్తూనే ఉంది. పెద్దమ్మ కూతురూ నేనూ ఇంటి వెనక, కొండ మీంచి దిగే వాగులో గిన్నెలు తోముతున్నాం. ఉన్నట్టుండి నీళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత కొమ్మలొచ్చాయి. ఒక వెదురు తడిక వచ్చింది. మా మీద మాత్రం ఒక్క చినుకు పడలేదు. గిన్నెలు అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తాం.

చెబితే నాన్నమ్మ మళ్ళీ సముద్రం వైపే చూసింది. "మబ్బు నేదు గదే," అంది.

కాసేపటికి రోడ్డు పనివాడొకడు తడిసి ముద్దయి కొండవైపు నుంచి వచ్చాడు.

"కల్వర్టు వాష్‌అవుట్ హో గయా, అమ్మా. మొత్తం కొట్టుకుపోయింది. అటు ఎవర్నీ పంపకండి," అన్నాడు.

నాన్నమ్మ అప్పుడు కొండవైపు తిరిగింది. అమ్మా, పెద్దమ్మా రావాల్సింది ఆ కల్వర్టు మీదుగానే.

దీపాలు పెట్టే వేళకి అమ్మ వచ్చింది. నెత్తిన గంప లేదు, నడుం దాకా బురద. పరిగెత్తుకెళ్ళి వాటేసుకున్నాను. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులో కూడా సిగ్గేస్తుంది. నా పక్కనే పెద్దమ్మ కూతురు నిలబడి, అమ్మ వచ్చిన దారివైపే చూస్తోంది.

"మాయమ్మేదీ, పిన్నీ?"

అమ్మ నా చేతులు విడిపించుకుని దాన్ని దగ్గరికి లాక్కుంది.