ఇప్పటిదాకా మునగని గడప

భద్రాచలంలో మా పై గదిలో కిరాయికి ఉన్న సారు మా కాలేజీలోనే ఫిజిక్స్ చెప్పేవారు. ఏ సూత్రం చెప్పినా చివర "ఇప్పటిదాకా" అని చాక్‌పీసు బల్ల మీద పెట్టేసేవారు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం ఆయనది. ఆ మాట కూడా అలసిపోయినట్టే వచ్చేది.

కట్టె మండితే అందులోంచి ఏదో పదార్థం బయటికి పోతుందని ఒకప్పుడు పండితులు నమ్మారట. మేమూ నమ్మేదాకా అది చెప్పి, కాలిన లోహం బరువు పెరగడంతో ఆ నమ్మకం ఎలా కూలిందో మర్నాడు చెప్పారు. "వాళ్లు తెలివి తక్కువోళ్లు కాదు. అప్పటిదాకా చూసిందానికి అది సరిపోయింది."

గోదావరికి రెండో ప్రమాద హెచ్చరిక వచ్చిన రోజు నాయనమ్మ ఇల్లు కదలనంది.

"నా గడప ఎన్నడన్న మునిగిందా సారూ?"

"మునగలేదమ్మా. ఇప్పటిదాకా."

"నీ సదువు పిల్లలకు జెప్పుకో పో."

ఆయన ఆమె పక్కనే మెట్టు మీద కూలబడ్డారు. "నువ్వు లేస్తెనే నేను లేస్త."

తిట్టుకుంటూనే లేచింది. మేం పునరావాస కేంద్రంలో ఉండగానే నీళ్లు గడప కింద ఆగి, వెనక్కి పోయాయి. "ఏంది సారూ, వచ్చినయా?" అని నాయనమ్మ తిరిగొచ్చే దారంతా ఎగతాళి చేసింది. ఆయన మా పరుపు మోసుకుంటూ వెనకే నడిచారు.

ఆ ఏడు ఆయన ఉద్యోగం పొడిగించలేదు. ఆయన వెళ్లిపోయినప్పటి నుంచి గది ఖాళీగానే ఉంది.

మొన్న మళ్లీ హెచ్చరిక వచ్చింది. నేను చెప్పకముందే నాయనమ్మ బట్టలు మూటగట్టింది.

"మన గడప ఎన్నడు మునగలే కద?" అన్నాను.

"మునగలే," అని మూట నా చేతికిచ్చి, పై గది వైపు చూసింది. "ఇప్పటిదాకా."