తుపాకీకి అటువైపు

నీలకంఠం జన్మలో ఒక్కసారి కూడా తుపాకీ పేల్చలేదు. అయినా రంగూనులో పబేడాన్ పేట సందుల్లో అందరూ అతన్ని వేటగాడనే పిలిచేవారు.

పధ్నాలుగో ఏట, రంగూను రేవులో బస్తాలు మోసే తండ్రి నీడలోంచి తప్పించుకుని, టేకు కంపెనీ దొర వెంట పెగూ కొండల్లోకి వెళ్ళిపోయాడు. దొర తుపాకీకి రెండడుగులు ముందు నడిచి జాడ పట్టడం అతని పని. తడి ఆకు మీద గిట్ట ఏ పూట పడిందో, గడ్డిపరక ఎంతసేపటి కిందట విరిగిందో, నెత్తురు ఒంట్లో ఏ మూలనుంచి వచ్చిందో చూసి చెప్పేవాడు. బడి అక్షరాలు అబ్బలేదు గాని, అడవి నేల మీద రాసిందంతా చదవగలిగేవాడు.

కొన్నాళ్ళకి దొరలు వెళ్ళిపోయారు. ఇంకొన్నాళ్ళకి సైన్యం గద్దెనెక్కి, జనం దగ్గరున్న తుపాకులన్నీ అప్పజెప్పమంది. దేశం తలుపులు వేసుకుని లోపలినుంచి గడియ పెట్టుకుంది. మనవాళ్ళు వేలమంది ఓడలెక్కి, చూడని ఊరిని సొంత ఊరనుకుంటూ విశాఖపట్నం దారి పట్టారు. నీలకంఠం వెళ్ళలేదు. బియ్యం గొడౌనుకి కాపలాదారుగా కుదిరాడు. నలభై దాటాక పెళ్ళయింది. కొడుకు సుభాష్‌కి మూడేళ్ళు నిండకుండానే భార్య జ్వరంతో పోయింది. అప్పటినుంచి ఆ రెండంతస్తుల చెక్క ఇంటి పైగదిలో తండ్రీ కొడుకూ ఇద్దరే. తల్లి పాడవలసిన జోలపాటల చోట తండ్రి వేట కథలు చెప్పేవాడు.

ఆ కథల్లో సుభాష్ మళ్ళీ మళ్ళీ అడిగేది ఒకటే. దొర తూటా తగిలిన అడవిదున్న వెదురు పొదలోంచి పది అడుగుల దూరంలో బయటికొచ్చింది. దొర వెనక పడిపోయాడు. నీలకంఠం చేతిలో కత్తి కూడా లేదు. మొద్దులా నిలబడిపోయాడు. దున్న వచ్చి అతని ముందు ఆగింది. దాని ఊపిరి గుండెల మీద వేడిగా, కుళ్ళిన పచ్చిగడ్డి వాసనతో తగిలింది. అతను రెప్ప వెయ్యలేదు. కాసేపటికి అది తల తిప్పుకుని పొదలోకి వెళ్ళిపోయింది.

"కదల్లేదు గనక బతికినాను," అని ముగించేవాడు. నాలుగేళ్ళ సుభాష్ దుప్పట్లో బిగదీసుకుని, ఊపిరి పట్టి, కదలకుండా పడుకునేవాడు. నిద్ర అలాగే పట్టేది.

ఆదివారాలు పబేడాన్ మూల మీది టీకొట్లో ముగ్గురు ముసలివాళ్ళు కలిసేవారు. నీలకంఠం, దొరలకి తుపాకీ మోసిన సన్యాసి, తోళ్ళు ఒలిచిన జోగి. వాళ్ళ బల్లకో కట్టుబాటు ఉండేది. ఎవడు వేట సంగతి చెప్పినా ముందు తన తప్పుతో మొదలుపెట్టాలి. గొప్పతో మొదలుపెట్టినవాడి కప్పు మిగతా ఇద్దరూ బోర్లించేసేవారు. గాలికి ఎదురుగా నడవాలని, గాయపడిన జంతువు వెంట వెంటనే పడకూడదని, కొండచరియలో ఎప్పుడూ దానికంటే పైనుండాలని, ఆ ముక్కలే ఇరవై ఆరేళ్ళుగా తిరగలి తిప్పినట్టు తిప్పేవారు. వినేవాళ్ళు లేరు. కొట్టు యజమాని కూడా రేడియో పెంచేవాడు.

1988 ఆగస్టులో వాళ్ళకి వినేవాళ్ళు దొరికారు.

సైన్యం గద్దె దిగాలంటూ ఊరు ఊరంతా రోడ్డెక్కింది. కాలేజీ పిల్లలు, రేవు కూలీలు, గుమాస్తాలు, బౌద్ధ భిక్షువులు, కాలవలా మొదలై నదిలా నడిచారు. సుభాష్‌కి ఇరవై రెండేళ్ళు. అతనూ, స్నేహితుడు దాసూ, ఇంకో నలుగురూ ఒక సాయంత్రం టీకొట్లో ముసలివాళ్ళ బల్లని చుట్టుముట్టారు. సైన్యం కాలిస్తే ఏం చెయ్యాలో చెప్పమన్నారు.

ఇన్నేళ్ళకి తమని అడిగినవాళ్ళు వచ్చారు. ముగ్గురికీ మొహాలు వెలిగాయి. పండగనాడు మిఠాయి పంచినట్టు సలహాలు పంచారు. రెండో దారిలేని సందులోకి దూరొద్దన్నాడు జోగి. తెల్లచొక్కాలు వేసుకోవద్దన్నాడు సన్యాసి. నీలకంఠం చివర్న మాట్లాడాడు. ఆ సాయంత్రం అతను తప్పుతో మొదలుపెట్టలేదు. కప్పు బోర్లించాలని ఎవరికీ గుర్తు రాలేదు.

"తుపాకీ కన్ను కదిలేదాని మీదికే పోతాది. పరిగెత్తినోడే పడతాడు. గోడవారకి నించుండిపోండి. మొద్దులాగ. అంతే."

"అవి దున్నపోతులు కావు తాతా, సిపాయిలు," అన్నాడు దాసు నవ్వుతూ.

"ఏదైనా ఒకటేరా," అన్నాడు నీలకంఠం. సుభాష్ నవ్వలేదు. తల ఊపాడు.

సెప్టెంబరులో సైన్యం మళ్ళీ వీధుల్లోకి దిగింది. మర్నాడు పొద్దెక్కాక నడిరోడ్ల మీద తుపాకులు పేలాయి. పేలుడు ఎక్కడో, ఎంత దూరమో నీలకంఠం చెవికి ఇంకా తెలుస్తూనే ఉంది. కిటికీ దగ్గర నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టి, లెక్క తప్పి, మానేశాడు. కాసేపటికి దాసు మెట్లెక్కి వచ్చాడు. కాళ్ళకి చెప్పులు లేవు. ఒగరుస్తూ చెప్పాడు. సిపాయిలు మోకాళ్ళ మీద కూర్చుని గురిపెట్టారట. జనం చెల్లాచెదరయ్యారట. సుభాష్ మాత్రం గోడకి ఆనుకుని నిలబడిపోయాడట.

"పిలిచినాను తాతా. పేరెట్టి పిలిచినాను. ఆడు నా కేసి సూసినాడు గానీ కదల్లేదు. మేం పరిగెత్తినోళ్ళం అందరం ఉన్నాం."

తొడకి తూటా తగిలిందట. లతా పేట వైపు వెనకసందులోకి పాక్కుంటూ పోవడం దూరంనుంచి చూశాడట.

తన యాభై ఏళ్ళ తెలివీ ఎక్కడ నిలబడి నేర్చుకున్నదో నీలకంఠానికి అప్పుడు కనపడింది. కదలనివాణ్ణి చూసి తప్పుకుపోయింది దున్న. అది జంతువు. సిపాయికి కదలని మనిషంటే గురి కుదిరిన మనిషి. అడవిలో తను ఎప్పుడూ తుపాకీ ఉన్న వైపే నడిచాడు. అటువైపునుంచి లోకం ఎలా కనిపిస్తుందో అతనికి గాని, ఆ బల్ల దగ్గర కూర్చున్న ఎవరికి గాని ఏనాడూ తెలియదు.

లుంగీ బిగించి కట్టి దిగాడు. వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. లారీలు తిరుగుతున్నాయి. పడినవాళ్ళని, చచ్చినవాళ్ళతో పాటు బతికున్నవాళ్ళని కూడా, ఎత్తి లారీల్లో వేస్తున్నారని దాసు చెప్పాడు. లారీకంటే ముందు తను చేరాలి. ఆకాశం నల్లగా దిగి ఉంది. వాన పడితే జాడ కొట్టుకుపోతుంది. నే చూసేదాకా ఆగి, చూశాక పడు అని మనసులో వానని బతిమాలుకున్నాడు.

వెనకసందు మొదట్లోనే మొదటి చుక్క దొరికింది. చుక్క తోక చూసి ఎటు పోయాడో తెలుసుకున్నాడు. నెత్తురు చిక్కగా, ముదురుగా ఉంది. నురగ లేదు. ఊపిరితిత్తుల నెత్తురు కాదు. అడవిలో కాలికి తగిలిన జంతువంటే దొర తిట్లు లంకించుకునేవాడు, అది కోసుల దూరం పోతుందని. పో నాయినా, ఎంత దూరమైనా పో అనుకుంటూ నీలకంఠం ఆ చుక్కల వెంట నడిచాడు. తను దాటిన ప్రతి చుక్కనీ చెప్పుతో బురదలో రుద్దేశాడు. తన తరవాత ఇంకెవరూ ఆ జాడ చదవకూడదు. జాడ పట్టడమే తప్ప చెరపడం అతనికి కొత్త.

గోడ మీద నడుం ఎత్తున ఒక అరచేతి ముద్ర ఉంది. కుళ్ళిన కూరగాయల కుప్ప పక్కన చిన్న మడుగు. ఇరవై అడుగుల అవతల ఇంకో మడుగు. పది అడుగులకే మూడోది. వాడు ఆగి ఊపిరి తీసుకున్న చోట్లవి. దగ్గర దగ్గరగా వచ్చేస్తున్నాయి. నాలుగో మడుగు ఒక కాగితాల కొట్టు వెనకతలుపు దగ్గర ఉంది. దాని మీద ఎవరో తడి బూడిద చల్లి ఉన్నారు. తలుపు తడితే ఒక చీనా ముసలమ్మ ఓరగా తీసి, అతని మొహం చూసి పక్కకి తప్పుకుంది.

కాగితం కట్టల మధ్య సుభాష్ గోడకి ఆనుకుని కూర్చున్నాడు. తొడకి ఆవిడ చీర్చిన గుడ్డ చుట్టి ఉంది. తండ్రిని చూసి పెదాలు కదిపాడు.

"నాను కదల్లేదు నాన్నా."

"తెలుసురా," అన్నాడు నీలకంఠం.

అప్పుడు వాన పడింది.

సాయంత్రం లారీల చప్పుడు తగ్గాక కొడుకుని సైకిల్ రిక్షాలో గోనెల కింద ఇంటికి తెచ్చుకున్నాడు. చెయ్యి మంచిదని పేరున్న ముసలి కాంపౌండరు వచ్చి గాయం కడిగి, కట్టు కట్టి, ఎముక నుగ్గయిందన్నాడు. మూడో రోజుకి పాదం నల్లబడింది. కాలు తియ్యకపోతే మనిషి దక్కడన్నాడు. పెద్దాసుపత్రిలో తూటా దెబ్బలున్నవాళ్ళ పేర్లు సిపాయిలు రాసుకుపోతున్నారని ఊరంతా చెప్పుకుంటున్నారు. పేటలో ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని లెక్కపెడుతున్నారు. నది అవతల ట్వంటే ఊళ్ళో నీలకంఠం చెల్లెలు అచ్చమ్మ ఉంది. అక్కడ ఏమీ అడక్కుండా కోసే డాక్టరొకాయన ఉన్నాడని ఆమె కబురు పంపింది.

సన్యాసి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. రేవు దగ్గర సోదా ఉందనీ, దెబ్బతిన్నదాన్ని కదిపితే నెత్తురు మళ్ళీ ఒదులుతుందనీ చెప్పాడు. నాలుగు రోజులు చప్పుడు చెయ్యకుండా ఇక్కడే ఉంచమన్నాడు.

నీలకంఠం కొడుకు కాళ్ళ దగ్గర దుప్పటి సర్దుతూ వినిపించుకున్నాడు. "నా మాట విని ఆడిలాగయ్యాడు. ఇంక నీ మాట కూడా వినమంటావేటి బావా?"

మర్నాడు పొద్దున్న రేవుదాకా మంచం రెండో కొస పట్టుకుని మోసింది సన్యాసే.

కుండలు అమ్మేసి ఖాళీగా ట్వంటే తిరిగి వెళ్తున్న పడవ దొరికింది. నడిపేది డా మ్యా అనే బర్మా ఆవిడ. కుర్రాడికి విషజ్వరం అని చెప్పారు. సోదా సిపాయి దుప్పటి కొస ఎత్తి, చెమటతో మెరుస్తున్న మొహం చూసి, జ్వరం అంటుకుంటుందని వదిలేశాడు. గడ్డి మీద పడుకోబెట్టారు. పడవ నది దాటి కాలవలోకి తిరిగింది. రెండు వైపులా పొలాలు పచ్చగా, ఏమీ జరగనట్టు ఊగుతున్నాయి. కట్టులోంచి నెత్తురు గడ్డిలోకి దిగుతోంది. సన్యాసి చెప్పింది నిజమే. నీలకంఠం రెండు చేతులతో తొడ మీద అదిమి పట్టుకున్నాడు.

"నాన్నా," అన్నాడు సుభాష్. "తప్పించుకు పోయిందాని కత సెప్పు."

అలాంటి కథ అతనెప్పుడూ చెప్పలేదు. వెతుక్కున్నాడు. ఉంది, ఒకటి. తూటా తగిలిన ఒక ఆడదున్న. మూడు రోజులు జాడ పట్టి, ఏటి ఒడ్డున పోగొట్టుకున్నారు. బల్ల దగ్గర కూడా ఆ సంగతి ఎత్తలేదు. అది తప్పు కాదు, ఓటమి.

"అది ఆగనేదురా. ఏరు దాటీసింది. రాళ్ళ మీద నడిసింది, జాడ పడకుండాను. మాకంటే తెలివైంది."

"బతికిందా?"

దొర అది చచ్చే ఉంటుందన్నాడు. జాడ పట్టేవాడిగా నీలకంఠమూ అలాగే అనుకున్నాడు.

"బతికింది," అన్నాడు.

సుభాష్ కళ్ళు మూసుకున్నాడు. చెప్పమన్నట్టు వేలు కదిపాడు. నీలకంఠం చెబుతూనే ఉన్నాడు. దున్న అవతలి అడవిలో మందని కలుసుకుంది. దూడని కన్నది. ఎక్కడో ఆ మాటల మధ్య అతని చేతుల కింద నాడి ఆగిపోయింది. అరవై ఎనిమిదేళ్ళ ఆ చేతులకి ఆ ఆగడం బాగా తెలుసు. వందసార్లు తెలుసు.

అతను చెప్పడం ఆపలేదు. ఆపితే డా మ్యా వెనక్కి తిరిగి చూస్తుంది. తూటా దెబ్బతో పోయిన శవం పడవలో ఉందని తెలిస్తే భయపడి ఏ గట్టునో దింపేస్తుంది. లేదా సిపాయిలు తీసుకుపోయి, ఎక్కడ తగలబెట్టారో కూడా చెప్పరు. దూడ పెద్దదైంది. దానికి కొమ్ములొచ్చాయి. గొంతు బొంగురుపోయినా కథ నడుస్తూనే ఉంది. రెండు గంటలు నడిచింది.

ట్వంటే రేవులో అచ్చమ్మ ఎడ్లబండితో కాసుకుని ఉంది. గట్టు మీద ఇద్దరు సిపాయిలు సిగరెట్లు కాలుస్తున్నారు. ఆమె నీళ్ళలోకి దిగి వచ్చి మేనల్లుడి నుదుటి మీద చెయ్యి వేసింది. చెయ్యి అక్కడే ఉండిపోయింది. అన్న మొహంలోకి చూసింది. అన్న తల అడ్డంగా, కనపడీ కనపడనంతగా ఊపాడు.

అచ్చమ్మ ఏడవలేదు. దుప్పటిని మెడదాకా లాగింది, మొహం కప్పకుండా. బండిలోకి ఎక్కించాక సిపాయిలకి వినపడేలా కసిరింది.

"ఏటిరా సుబాసూ, జొరవొస్తే ఇంత బెట్టేటి? ఇంటికాడ గంజి కాసీ ఉంచినాను. లెగిసి తాగకపోతే సూడు మరి."

ఒక సిపాయి నవ్వాడు. బండి కదిలింది. ఒక పక్కన ఆమె, ఒక పక్కన నీలకంఠం, వాణ్ణి మందలిస్తూ, వాడికి జవాబులు చెబుతూ, సిపాయిలు కనుమరుగయ్యేదాకా నడిచారు. ఆ తరవాత కూడా చాలా దూరం, ఇద్దరిలో ఎవరు ముందు ఆపాలో తెలియక, మాట్లాడుతూనే వెళ్ళారు.