మొదటి రోజే చేతికొచ్చిన సర్టిఫికెట్

1983 వేసవి. తిరుపతిలో ఒక మహిళా కళాశాలలో కమ్యూనికేషన్స్ డిప్లొమాకు నేను లెక్చరర్‌గా చేరి మూడో ఏడు. కమ్యూనికేషన్స్ అంటే ఏమిటని అప్పట్లో నన్ను అడగని మనిషి లేడు. కొందరు టెలిఫోన్ ఎక్స్ఛేంజీ ఉద్యోగమనుకునేవారు. వార్తలు రాయడం, రేడియోలో మాట్లాడటం, ప్రభుత్వం చేసే పనుల గురించి జనానికి అర్థమయ్యేలా చెప్పడం నేర్పే చదువని చెబితే, "ఆడపిల్లలకా?" అనేది రెండో ప్రశ్న. దానికి జవాబు చెప్పీ చెప్పీ విసుగొచ్చేది. ఇప్పుడు రాయబోయే సంగతి తలచుకుంటే మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా ఒళ్లు మండుతుంది. ఆ మంటలో కొంత భాగం నా మీదే.

డిప్లొమా చివర్లో ఆరు వారాల ప్రాక్టికల్ ట్రైనింగ్ ఉండేది. విద్యార్థి ఏదైనా పత్రికాఫీసులో కూర్చుని నిజమైన వార్తలు రాయాలి, పెద్దల చేత దిద్దించుకోవాలి, అచ్చులో చూసుకోవాలి. తరగతి గదిలో నేనెంత చెప్పినా ఈ ఆరు వారాలకు సరిరాదు. ఆ ఏడు మా కోర్సులో నలుగురే అమ్మాయిలు. మూడు పత్రికలవాళ్లు కుదరదన్నారు. జిల్లాలో తిరిగే ఒక చిన్న దినపత్రిక వాళ్లు మాత్రం సరేనన్నారు. ఆ పత్రిక పేరు రాయను.

మొదటి రోజు నలుగురినీ వెంటబెట్టుకుని వెళ్లాను. ఆఫీసు ఇన్‌చార్జి యాభై దాటిన మనిషి, మర్యాదస్థుడు. అందరికీ సోడాలు తెప్పించి, చదువుల గురించీ ఊళ్ల గురించీ అడిగాడు. లేవబోతుండగా సొరుగులోంచి నాలుగు కవర్లు తీసి నా ముందు పెట్టాడు. ఒక్కో కవరులో టైపు చేసిన సర్టిఫికెట్. ఫలానా అమ్మాయి మా కార్యాలయంలో ఆరు వారాలు శ్రద్ధగా పనిచేసి శిక్షణ పూర్తి చేసినదని, కింద ఆయన సంతకం. తేదీ ఆరు వారాల తర్వాతది.

"ఈ ఎండల్లో ఆడపిల్లలు యాడ తిరుగుతారమ్మా? ఇండ్లకాడ సుఖంగా ఉండమను. మార్కులేమన్నా ఏయల్లంటే అవీ ఏసిస్తా," అన్నాడు నవ్వుతూ.

ఆయన మంచితనానికి నేను థాంక్స్ చెప్పాను. అవును, చెప్పాను. పిల్లల్ని సాయంత్రం బస్సెక్కించే బాధ తప్పింది, తల్లిదండ్రులకు జవాబు చెప్పుకునే పని తప్పిందని లోలోపల ఊపిరి కూడా పీల్చుకున్నాను. ముగ్గురు అమ్మాయిలు కవర్లు తీసుకుని సంతోషంగా ఊళ్లకు బస్సెక్కారు. నాలుగో అమ్మాయి సుగుణ మాత్రం రోడ్డు మీద నా పక్కనే నిలబడిపోయింది.

"మేడం, నేను రేపట్నుంచి యాడికి రావల్ల?" అని అడిగింది.

"ఎక్కడికీ రానక్కర్లేదు. సర్టిఫికెట్ ఇచ్చేశారు కదా."

"సర్టిఫికెట్ ఉండాది మేడం. మరి క్లిప్పింగులు యాడుండాయి?"

క్లిప్పింగు అంటే అచ్చయిన వార్తను పేపర్లోంచి కత్తిరించి దాచుకున్న ముక్క. మా రంగంలో మనిషి పనికి అదే రుజువు. చిత్తూరులో ఒక ప్రభుత్వ కార్యాలయానికి ప్రచార సహాయకులు కావాలని అంతకు వారం ముందే ప్రకటన వచ్చింది. దరఖాస్తుతో పాటు, అభ్యర్థి స్వయంగా రాసి అచ్చయిన అయిదు వార్తలు జతపరచాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ ప్రకటనను కాలేజీ నోటీసు బోర్డుకు గుచ్చింది నేనే.

సుగుణది పూతలపట్టు దగ్గర పల్లె, చెరకూ వేరుశెనగా పండించే ఇల్లు. కాలేజీలో చేర్చిన రోజు వాళ్ల నాయన నాతో కచ్చితంగా చెప్పాడు. "ఒక తూరి సూస్తాం మేడం. దీంట్లో ఉద్యోగమొస్తే సరే. లేదంటే టీచరు ట్రైనింగుకు పంపిస్తా. మళ్ల నన్నడగొద్దు." ఆ ఒక్క తూరి ఇదే. అయిదు క్లిప్పింగులు లేకపోతే దరఖాస్తే వేయడానికి లేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం మళ్లీ ఆఫీసుకు వెళ్లాం. సుగుణ తన కవరు ఇన్‌చార్జి బల్ల మీద పెట్టి, "సార్, ఇది పనయినాక ఇయ్యండి. ముందు పని సెప్పండి," అంది.

ఆయన మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఏందమ్మా ఇది, మంచికి పోతే? ఈడ అందరూ మగోళ్లే. ఆడోళ్లకు బాత్రూం గూడా లేదు. ఎట్ల ఉంటావు దినమంతా?"

"ఎదురింటి అవ్వనడిగొచ్చినాను సార్. వాళ్లింట్లో పోవచ్చునంది. పొద్దున పూట రెండు బిందెల నీళ్లు తెచ్చిస్తానని మాటిచ్చినా."

నాకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఇరవై ఏళ్ల పిల్ల, వార్త రాయడం నేర్చుకోవడానికి ముందు బాత్రూంకు నీళ్లు మోసే ఒప్పందం చేసుకుని రావలసి వచ్చింది. ఆ ఆఫీసులో పనిచేసే మగవాళ్లలో ఎవరైనా ఉద్యోగంలో చేరడానికి ఇలాంటి ఏర్పాటు చేసుకుని ఉంటారా? ఇన్‌చార్జి చివరికి ఒప్పుకున్నాడు. ప్రూఫులు దిద్దేవాళ్ల పక్కన ఒక స్టూలు వేయించాడు.

ఊళ్లకు వెళ్లిపోయిన మిగతా ముగ్గురికీ ఉత్తరాలు రాద్దామనుకున్నాను. ఒక్కరిని కూర్చోబెట్టడానికే ఇంత గొడవైతే నలుగురి కోసం ఎక్కడ పోట్లాడను అనిపించి, ఇవాళ రేపు అంటూ రాయనేలేదు.

మొదటి రెండు వారాలు సుగుణకు ముగ్గుల పోటీలు, సన్మాన సభలు తప్ప ఏమీ ఇవ్వలేదు. అవి కూడా ఎవరో పంపిన ప్రకటనలను కుదించి రాయడమే. ఆమె విసుక్కోకుండా రాసింది. మూడో వారంలో వాళ్లమ్మకు కల్లంలో జారిపడి మణికట్టు విరిగితే, కట్టు కట్టించడానికి పుత్తూరుకు తీసుకెళ్లింది. ఎముకల వైద్యానికి ఎక్కడెక్కడి నుంచో జనం పుత్తూరుకు వస్తారు. కానీ కట్టు కట్టే చోట బస్సులు ఆగేవి కావు. విరిగిన కాళ్లతో, వేలాడే చేతులతో బస్టాండు దాకా పోయి, అక్కడి నుంచి ఎండలో వెనక్కి నడిచి రావాలి. సుగుణ వాళ్లమ్మను నీడన కూర్చోబెట్టి, ఆ నడిచొచ్చే వాళ్లందరితో మాట్లాడింది. ఎవరిది ఏ ఊరు, ఎట్లా పడ్డారు, ఎంత దూరం నడిచారు, ఎవరు మోసుకొచ్చారు, అన్నీ రాసుకుంది. ముఖ్యంగా ఆడవాళ్లు ఆమెతో ఇంటి మనిషితో మాట్లాడినట్టు మాట్లాడారు.

ఆ వార్త బాగా అచ్చయింది. నెల తిరక్కుండా బస్సులు అక్కడ ఆగడం మొదలుపెట్టాయి. కాకపోతే వార్త పైన ఉన్నది "పుత్తూరు విలేకరి" అని. పుత్తూరు విలేకరి అంటే ఆ ఊరి నుంచి పత్రికకు వార్తలు పంపే పాత మనిషి. సుగుణ రాసిన మరో నాలుగు వార్తలు కూడా ఇలాగే ఆయా ఊళ్ల విలేకరుల పేరుతోనే వచ్చాయి. ఆఫీసు పద్ధతి అదేనట. అలాంటప్పుడు క్లిప్పింగు పక్కన, ఇది ఫలానా వారు రాసినదేనని ఇన్‌చార్జి సంతకం చేసివ్వడం మా రంగంలో మామూలు. ఆ సంతకం లేకపోతే అది ఉత్త కాగితం ముక్క.

దరఖాస్తుకు గడువు మూడు రోజులుందనగా ఆ సంతకాలు అడగడానికి సుగుణ నన్ను కూడా తోడు రమ్మంది. ఇన్‌చార్జి అయిదు ముక్కలూ చూసి పక్కకు నెట్టాడు.

"ఇది మాత్రం కాదు మేడం. పుత్తూరు విలేకరి పదేండ్లుగా మాకాడ ఉండాడు. ఆయన పేరు మింద వచ్చిందాన్ని ఆడపిల్ల రాసిందని నేను సంతకం పెడితే, ఆయన మొహం యాడ పెట్టుకోవల్ల? కావాలంటే ఇంకో సర్టిఫికెట్ ఇస్తా. మొదటి దానికన్నా గొప్పగా రాసిస్తా."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "సార్, ఈ పిల్ల ఆరు వారాలు పనిచేసిందని పని మొదలుపెట్టకముందే సంతకం పెట్టారు. మిగతా ముగ్గురు మీ ఆఫీసు గడప మళ్లీ తొక్కలేదు, వాళ్లకూ పెట్టారు. నాలుగు అబద్ధాలకు ఆడిన చెయ్యి ఒక్క నిజానికి ఆడదా?" అని గట్టిగానే అన్నాను. ప్రూఫులు చదివేవాళ్లు తలలెత్తి చూశారు.

"అది వేరే, ఇది వేరే మేడం. అది ఏదో పిల్లలకు సాయం. ఇది ఆఫీసు వ్యవహారం."

నేను ఇంకా ఏదో అనబోతుంటే సుగుణ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "సార్, సంతకమొద్దు. అచ్చుకు పొయ్యొచ్చిన నా కాయితాలు నాకిప్పించండి, సాలు."

అక్షరాలు పేర్చడానికి పంపే రాతప్రతిని మేం కాపీ అంటాం. పని అయ్యాక కాపీని కంపోజింగ్ గదిలో ఒక కమ్మికి గుచ్చి పెట్టేవారు, ఎప్పుడో ఒకసారి చిత్తు కాగితాల వాడికి వేసేవారు. ఇన్‌చార్జికి ఇది చాలా తేలికైన కోరిక అనిపించింది. "ఆ చిత్తు కాయితాలేనా? తీసుకోమ్మా," అని తేలిగ్గా చెయ్యి ఊపాడు. సుగుణ లోపలికి వెళ్లి, వెతికి వెతికి తన కాగితాలన్నీ తెచ్చుకుంది.

రోడ్డు మీదికి వచ్చాక నాకు చూపించింది. ప్రతి పేజీలోనూ ఆమె చేతిరాత. దాని మీద ఇన్‌చార్జి ఎర్ర సిరా దిద్దుబాట్లు, చివర ఆయన పొట్టి సంతకం, తేదీ.

"ఈయన సంతకం లేకుంటే కంపోజింగోళ్లు కాయితం ముట్టరు మేడం. ఆరు వారాలుగా సూస్తానే ఉండా," అంది.

ఒక్కో క్లిప్పింగుకు దాని కాపీ జతచేసి దరఖాస్తు పంపింది. చిత్తూరులో ఇంటర్వ్యూ. బోర్డులో ఒకాయన కాపీనీ అచ్చయినదాన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఈ వాక్యం ఎందుకు కొట్టేశారు, నువ్వయితే ఉంచేదానివా అని అరగంట అడిగాడట. దేనికీ తడబడలేదు. ఆ వాక్యాలన్నీ తను రాసినవే కదా. ఉద్యోగం వచ్చింది. వాళ్ల నాయన కొత్త బెల్లం తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మా పాప రాస్తే బస్సు నిలబడిందంట గదా మేడం," అన్నాడు. ఆ తర్వాత ఒక సభలో ఇన్‌చార్జి, "ఆ అమ్మాయిని తయారుచేసింది మా ఆఫీసే," అని చెప్పుకోగా నా చెవులతో విన్నాను. లేచి ఆ బాత్రూం సంగతి చెబుదామనుకుని, పళ్లు నూరుకుని కూర్చున్నాను.

ఈ సంగతి నాకు నేర్పింది ఒకటే. ఆడపిల్లను కష్టపెట్టకూడదని పని తప్పించేవాడు ఆమెకు మేలు చేయడం లేదు. ఆమె పేరు మీద ఆ పని ఉండకుండా చేస్తున్నాడు. తిట్టి పని చెప్పేవాడితో పోట్లాడవచ్చు. సోడా ఇచ్చి ఇంటికి పంపేవాడికి మనమే దండం పెట్టి వస్తాం. మరుసటి ఏడు నుంచి, పని పూర్తికాక ముందు ఏ సర్టిఫికెట్ వచ్చినా వెనక్కి పంపాను. అలా చేసినందుకు రెండు ఆఫీసులు మాకు తలుపులు మూసుకున్నాయి కూడా.

సుగుణ సంగతి ప్రతి కొత్త క్లాసుకూ చెప్పేదాన్ని. చెప్పనిది ఇంకొకటుంది. సుగుణకు ఉద్యోగం వచ్చిన వారానికి, ఆ మిగతా ముగ్గురిలో ఒకమ్మాయి, విమల, నా గదికి వచ్చింది. క్లాసులో సుగుణకన్నా చక్కగా రాసిన పిల్ల ఆమె. ఉద్యోగానికి దరఖాస్తు కూడా వేయలేకపోయింది.

"సుగుణకు పని అడిగినారంట గదా మేడం. మాకూ ఎందుకు అడగలేదు?" అంది. గొంతులో నిష్ఠూరం కూడా లేదు, తెలుసుకుందామని అడిగినట్టే అడిగింది.

తప్పు నాదేనమ్మా అని ఉండాల్సింది. "వచ్చే ఏడు చూద్దాంలే," అన్నాను.

విమలకు వచ్చే ఏడు లేదు. ఆమె చదువు అప్పటికే అయిపోయింది.