కమలమ్మ మంచం మీద నా ఇన్‌స్పెక్షన్

ఒరేయ్ విష్ణూ, హారికా, ఆ ఫోన్లు పక్కన పెట్టి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. ఒక బడి బాగా నడస్తా ఉందో లేదో తెలుసుకోవాలంటే ఎప్పుడు పోయి చూడాల?

"చెప్పకుండా పోవాల అవ్వా!"

శభాష్ హారికా. కరెక్టు జవాబు. ఆ కరెక్టు జవాబునే నమ్ముకోని నిన్న మీ అవ్వ బయలుదేరింది. బయలుదేరి ఏమైందో తెలుసా? ఇన్‌స్పెక్షన్‌కని పోయినామె, మధ్యాహ్నానికల్లా పూల నైటీ తొడుక్కోని, ఉప్పు లేని పప్పన్నం తిని, ఇంకెవరిదో మంచం మీద పడుకోనుండాది! నవ్వద్దు. ముందు మొత్తం వినండి, నవ్వడానికి చివర్లో టైమిస్తాను.

మీ పెద్దవ్వకు, అదే మా రుక్మిణక్కకు, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది గదా. రేపు డిశ్చార్జి. ప్రసాదు మామా వాళ్ళ ఇల్లేమో మేడ మీద. ఆ మెట్లు ఎక్కాలంటే అక్కకు ఇప్పట్లో అయ్యే పని కాదు. అందుకని ప్రసాదు, "అమ్మకు నడక వచ్చేదాకా పెద్దవాళ్ళను చూసుకునే హోమ్‌లో పెడదాం చిన్నమ్మా, ఆడ నర్సులుంటారు, ఫిజియోథెరపీ ఉంటాది" అన్నాడు. మంచి ఆలోచనే. కానీ అక్క ససేమిరా అనింది.

ఎందుకో నాకు ఒక్కదానికే చెప్పింది. ఆస్పత్రిలో ఒకరోజు బెల్లు నొక్కిందంట. ఎవరూ రాలేదంట. మళ్ళీ నొక్కిందంట. ఇంక ఆపుకోలేక దుప్పటి తడిపేసుకోని, ఆ తడిలోనే అట్లే పడుకోనుండిందంట. అది చెప్పేటప్పుడు అక్క నా ముఖం చూడలేదు, గోడ చూస్తా చెప్పింది. "నువ్వు పోయి చూసి రావే. అన్నం ఎట్లుంటే ఏం, గది ఎట్లుంటే ఏం. బెల్లు నొక్కితే మనిషి వస్తాదా? అదొక్కటి చూడు. నువ్వు ఊ అంటే పోతా, ఊహూ అంటే పోను" అనింది.

హోమ్ వాళ్ళేమో నిన్న సాయంత్రంలోగా ఏ సంగతీ చెప్పకుంటే మంచం వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు. అంటే మొత్తం భారం నా ఊ మీద ఉంది.

ప్రసాదు ఫోన్ తీసి, "అపాయింట్‌మెంట్ తీసుకుంటా చిన్నమ్మా" అన్నాడు. వద్దంటే వద్దన్నాను. బడికి ఇన్‌స్పెక్టరు వస్తాడని తెలిస్తే ముందురోజు ఏం జరుగుతుందో నాకు తెలీదా? కొత్త చార్టులు గోడెక్కుతాయి. జవాబులొచ్చే పిల్లోళ్ళు ముందు బెంచీకొస్తారు, ముక్కు కారే పిల్లోళ్ళు చివరికి పోతారు. ఆడా అంతే. చెప్పి పోతే చార్టులు చూసి రావాల్సిందే.

ఇంకొక సంగతి. అక్క ఆపరేషన్ బాగా జరిగితే తలనీలాలు ఇస్తానని మొక్కుకోనుంటి. మొన్ననే కొండకు పోయి ఇచ్చి వచ్చినా. కాబట్టి నిన్న మీ అవ్వ అవతారం ఏమంటే: నున్నటి గుండు, దాని నిండా గంధం. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, పరీక్షలో వస్తుంది.

ఆటో దిగేసరికి హోమ్ గేటు కాడ ఒక వ్యాను నిలబడి ఉంది. అందులోంచి అవ్వలు ఒక్కొక్కరే దిగతా ఉండారు. చూద్దును గదా, అందరిదీ గుండే! అందరి నెత్తినా గంధమే! హోమ్ వాళ్ళు పెద్దవాళ్ళను కొండకు పిలుచుకోని పోయి, మొక్కులు తీర్పించి, దర్శనం చేయించుకోని వస్తా ఉండారన్నమాట. ఇదేదో బాగుందే అని నేను అట్లే నిలబడి చూస్తా ఉంటే, నీలం చీర కట్టుకున్న ఆయా ఒకామె గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకునింది.

"యాడికి పోతా ఉండావు కమలమ్మా ఆటో కాడికి? రా, రా. గుండు మీద ఎండ పడితే తల తిరగతాది."

నోరు తెరిచినాను. మళ్ళీ మూసినాను. ఎందుకంటే బుర్రలో లైటు వెలిగింది. నిజం చెప్తే వీళ్ళు నన్ను ఆఫీసులోకి పిలుచుకోని పోతారు. చెప్పకుంటే లోపలికి పిలుచుకోని పోతారు. ఇంతకన్నా మంచి ఇన్‌స్పెక్షన్ ఏ ఇన్‌స్పెక్టరుకు దొరికింది చెప్పండి? మాట్లాడకుండా ఆమె చెయ్యి పట్టుకోని నడిచినా.

ఆ ఆయా పేరు మస్తానమ్మ. పలమనేరు నుంచి కొత్తగా వచ్చి చేరిందంట. స్టూలు మీద కూర్చోబెట్టి, ముందు తన చేతి మీద నీళ్ళు పోసుకోని వేడి చూసుకోని, తర్వాత నా కాళ్ళు కడిగింది. గుండు మీద కత్తి గీసుకున్న చోట కొబ్బరినూనె అద్దింది. "మంట పుడితే చెప్పమ్మా" అనింది. నేను మనసులోనే మార్కులు వేసుకుంటా ఉండాను. నీళ్ళకు పదికి తొమ్మిది. మాటకు పదికి పది.

"చీర తడిసిపోయింది, నైటీ వేసుకో" అనింది. సరే, బట్టలు శుభ్రంగా ఉన్నాయో లేదో కూడా చూడాల గదా అని వేసుకున్నా. నా చీర తీసుకోని పోయి సర్ఫు నీళ్ళలో నానేసింది. చూడండి, ఈడే నేను తప్పులో కాలేసింది. పారిపోవాలంటే మనిషికి చీర ముఖ్యం.

అన్నం వచ్చింది. పప్పు నోట్లో పెట్టుకుంటే ఉప్పు లేదు.

"ఏమ్మా మస్తానమ్మా, ఉప్పేదీ?"

"నీకు బీపీ, షుగరూ ఉండాయి గదమ్మా."

"నాకేం లేవే!"

"లేవులేమ్మా. నువ్వు తిను."

తిన్నాను. అక్క కోసమని తిన్నాను. తిన్నాక ఆమె నీళ్ళ గ్లాసు, ఒక మాత్ర తెచ్చి నా అరచేతిలో పెట్టింది. షుగరు మాత్ర! ఇంక ఇన్‌స్పెక్షన్ ముగించే టైమైంది అనుకున్నా. నిటారుగా కూర్చోని, క్లాసులో చెప్పినట్టు నిదానంగా, విడమరిచి చెప్పినాను.

"చూడు మస్తానమ్మా. నేను కమలమ్మను కాను. నేను రిటైర్డ్ టీచర్ని. ఈ హోమ్ చూసిపోదామని వచ్చినా."

ఆమె ఒక్క పిసరు కూడా ఆశ్చర్యపోలేదు. నా వీపు నిమిరింది.

"అవునమ్మా. నువ్వు టీచరే. చూసిపోదామనే వచ్చినావు. మాత్ర వేసుకోని పోదువులే."

"నిజంగా చెప్తా ఉండాను!"

"నేను కాదన్నానామ్మా?"

పిల్లలూ, కాదన్నవాళ్ళతో వాదన పెట్టుకోవచ్చు. అవునన్నవాళ్ళతో ఏం చేస్తారు? హ్యాండ్‌బ్యాగులోంచి ఫోన్ తీసి ప్రసాదుకు చేసినా. వాడు ఆస్పత్రి బిల్లు కౌంటర్లో ఉండాడు, ఎత్తలేదు. మళ్ళీ చేసినా. ఎత్తలేదు. మస్తానమ్మ నా పక్కన కూర్చోని, "సాయంత్రం ఎత్తుతాడులేమ్మా. బిడ్డలకు పనులుంటాయి" అని నన్ను ఓదార్చింది. నాకు దుఃఖం లేదే! కానీ ఆమె చెప్పిన తీరుకు నాకే కళ్ళు చెమర్చినాయి.

పక్క మంచం మీద ఒక అవ్వ ఉంది. కంటి ఆపరేషన్ చేయించుకోని పచ్చ గుడ్డ కట్టుకోనుంది. "కమలమ్మా, గొంతు మారిందేమే? కొండ మీద చన్నీళ్ళు పోసుకున్నావా?" అని అడిగింది. సాక్షి కూడా పోయింది.

మాత్రను హ్యాండ్‌బ్యాగులో దాచి, మస్తానమ్మ అవతలికి పోయినాక అసలు పరీక్ష పెట్టినా. మంచం పక్క ఉన్న బెల్లు నొక్కినాను. ఏ శబ్దమూ లేదు. గట్టిగా నొక్కినాను. లేదు. బొటనవేలు ఎర్రబడిందాకా నొక్కినాను. అక్క అడిగింది ఒకటే ఒకటి, అదే లేదు ఈడ.

అంతలో వాకిలి కాడ నుంచి తల లోపలికి పెట్టింది మస్తానమ్మ. "ఏం కావాలమ్మా? బాత్రూమా?"

"బెల్లు మోగలేదు గదా, ఎట్లొచ్చినావు?"

"అది మోగదులేమ్మా. అందుకే నేను వాకిట్లోనే స్టూలేసుకోని కూసోనుండా."

ఇప్పుడు దీనికి మార్కులు ఎట్లేయాల? బెల్లు ఫెయిలు. మనిషి ఫస్టు క్లాసు. ఈ లెక్క తేలకముందే ఇంకొక అనుమానం నా నెత్తిన పిడుగులా పడింది. కమలమ్మ మంచం మీద నేనుండాను. కమలమ్మ అన్నం నేను తిన్నాను. కమలమ్మ మాత్ర నా కాడ ఉండాది. మరి కమలమ్మ యాడ?

నేను బాగా చూస్తారా లేదా అని చూస్తా, చూస్తా, షుగరున్న ఒక పెద్దామెను మాయం చేసేసినానే! దిగ్గున లేచినాను.

"మస్తానమ్మా! కమలమ్మ యాడుంది?"

"నువ్వే గదమ్మా."

"నేను కాదు! అసలు కమలమ్మ! వ్యానులో ఉండిపోయిందో, రోడ్డు మీద పడిపోయిందో! పద, వెతకాల!"

చెప్పుల్లేకుండా, పూల నైటీలో, వరండాలో పరుగు లాంటి నడక నడస్తా ఉండాను. మస్తానమ్మ నన్ను ఆపలేదు. నా మోచెయ్యి పట్టుకోని నా పక్కనే నడస్తా, "పోదాం పదమ్మా, ఇద్దరం వెతుకుదాం. పడిపోవద్దు, నిదానం" అంటా ఉంది. ఆమె మనసులో మాత్రం, పాపం, నన్ను నేనే వెతుక్కుంటా ఉన్నానని!

సరిగ్గా అప్పుడు గేటులోకి రెండో వ్యాను వచ్చింది. అందులోంచి హెడ్ నర్సు గ్రేసమ్మ దిగింది. ఈడ అందరినీ ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే, మిగతావాళ్ళంతా ఈ వారమే చేరినారంట. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈమె ఎవరు?" అనింది.

"కమలమ్మ గదా మేడమ్" అనింది మస్తానమ్మ.

"కమలమ్మ ఇంత పొడుగు ఎప్పుడైంది? కమలమ్మ యాడ?"

అంతలో ఆఫీసు రూములోంచి ఒక గొంతు ఖంగుమనింది.

"ఎన్నిసార్లు చెప్పాలండీ? బెల్లు మోగదు! బాత్రూములో ట్యాపు కారతాది! సాంబారులో కందిపప్పు ఎక్కడుందో భూతద్దం పెట్టి వెతకాల!"

తలుపు తోసినాం. ఏసీ కింద, మెత్తటి కుర్చీలో, పట్టుచీర కట్టుకోని, నెత్తిన గంధంతో ఒక పెద్దామె కూర్చోనుంది. ఒక చేతిలో కాఫీ, ఇంకొక చేతిలో మైసూర్‌పాక్. ఎదురుగా మేనేజరు, ఆయనా కొత్తగా వచ్చినాయనే, చేతులు కట్టుకోని నిలబడి ఉండాడు.

"ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసినా మేడమ్, దారిలో ఉండాడు. ప్లంబరు కూడా" అంటా ఉండాడు.

"సార్!" అని అరిచింది గ్రేసమ్మ. "ఆమెకు షుగరు! ఆ కాఫీ లాక్కోండి ముందు!"

మేనేజరు ముఖం తెల్లబడింది. "ఈమె... రుక్మిణమ్మగారి చెల్లెలు కాదా? ప్రసాద్ గారు పొద్దున్నే ఫోన్ చేసినారే. మా చిన్నమ్మ వస్తా ఉంది, రిటైర్డ్ టీచరు, కొత్తగా గుండు చేయించుకోనుంది, కొంచెం గట్టి మనిషి, జాగ్రత్తగా చూపించండి అని. ఈమె లోపలికి వచ్చి, నేను టీచర్ని, చూసిపోదామని వచ్చినా అనింది. నేనింకేం అనుకోవాల?"

చూసినారా? వద్దు వద్దంటే కూడా మీ ప్రసాదు మామ చార్టులు కట్టమని ముందే ఫోన్ కొట్టేసినాడు!

కమలమ్మగారు నిజంగానే చిత్తూరులో టీచరంట. మరుపు జబ్బంట పాపం. నేను ఈడ ఉండేదాన్ని కాదు, చూసిపోను వచ్చినా అని రోజూ అంటుందంట. కాదనొద్దు, అవునని చెప్పండి అని గ్రేసమ్మే ఆయాలందరికీ నేర్పించిందంట. నేర్పించిన పాఠం మస్తానమ్మ నా మీద అక్షరం పోకుండా ఒప్పజెప్పింది.

నేను దాచిన మాత్ర తీసి ఇచ్చినా. గ్రేసమ్మ కమలమ్మగారికి షుగరు టెస్టు చేసి, కొంచెం ఎక్కువుంది, భయం లేదు అన్నాక నాకు ఊపిరి వచ్చింది. ఊపిరి వచ్చినాక నోరు కూడా వచ్చింది.

"సార్, ఈ బెల్లు సంగతి కమలమ్మగారు ఇంతకు ముందు ఎవరికీ చెప్పలేదా?" అని అడిగినా.

"రోజూ మాకు చెప్తానే ఉండాది. నేనూ సారుకు చెప్పినా" అనింది గ్రేసమ్మ.

"మరి ఇప్పుడు మాత్రం ఎలక్ట్రీషియన్ ఎందుకు వస్తా ఉండాడు?"

మేనేజరు టేబుల్ మీద ఫైళ్ళు సర్దడం మొదలుపెట్టినాడు. నేను క్లాసులో చేసినట్టే, జవాబు వచ్చేదాకా ఆయన్నే చూస్తా నిలబడినా. నైటీలో ఉన్నా సరే.

"చూసిపోయేవాళ్ళు అడిగితే వెంటనే చేస్తాం మేడమ్. ఉండేవాళ్ళు అడిగితే... వాయిదా పడతాది" అన్నాడు చివరికి. నిజం చెప్పినాడు, అది మెచ్చుకోవాల.

"అయితే నావి రెండు షరతులు. బెల్లు మోగేదాకా నేను ఈడ నుంచి కదలను. ఇంకొకటి, వారానికి ఒకరోజు ఉండేవాళ్ళలో ఒకరిని ఈ కుర్చీలో కూర్చోబెట్టి, చక్కెర లేని కాఫీ ఇచ్చి, మీరు ఇట్లే చేతులు కట్టుకోని వినాల."

ఒప్పుకున్నాడు. ఎలక్ట్రీషియన్ వచ్చినాడు. ఒక్కొక్క మంచం కాడా నేనే పడుకోని, నొక్కి చూసినా. ప్రతిసారీ మోగింది. ప్రతిసారీ మస్తానమ్మ పరిగెత్తుకోని వచ్చింది. ఆఖరుకు "అమ్మా, నా కాళ్ళు నొస్తా ఉండాయి, పాసేనా?" అనింది. పాసే.

అక్కకు ఫోన్ చేసి ఊ అన్నాను. "బెల్లు మోగిందా?" అనింది.

"ఇప్పుడు మోగతా ఉండాదక్కా. మోగనప్పుడు కూడా మనిషి వచ్చింది."

"అయితే నా ఎర్రంచు చీరలు సర్దు" అనింది.

నేను వచ్చేస్తా ఉంటే కమలమ్మగారు మేనేజరును పిలిచి, నన్ను చూపించి, గట్టిగానే చెప్పింది. "ఈ కొత్తామెను ఇప్పుడే చేర్చుకోవద్దు. మాత్ర దాచిపెడతాది, మంచం మీద నిలవదు, అందరితో వాదిస్తాది. ఇంకొక ఏడాది ఇంట్లోనే ఉంచి చూడమనండి."

తలవంచుకోని నమస్కారం పెట్టి బయటపడినా. నా చీర సర్ఫులో ఉంది గదా, నైటీ మీద తువ్వాలు కప్పుకోని ఆటో పిలిస్తే, ఆటో ఆయన నన్ను చూసినాడు, బోర్డు చూసినాడు, వాచ్‌మన్‌ను కేకేసినాడు. "అన్నా, మీ అవ్వ బయటికొచ్చేసింది సూడన్నా!"

సరే, ఇంక నవ్వుకోండి, టైమిచ్చినా. నేను మాత్రం లేవాల. బట్టలన్నిటికీ పేరు కుట్టి పంపమనింది గ్రేసమ్మ. అక్క చీరలు ఇంకా కొన్ని మిగిలిపోయినాయి. హారికా, సూదిలో దారం ఎక్కించి ఇవ్వమ్మా. అక్కవి అయినాక నా చీర ఒకదానికి కూడా కుట్టుకోవాల. పేరు కాదు. "ఈమె చూసిపోను వచ్చినామె, సాయంత్రం ఇంటికి పంపించవలెను" అని.