రికార్డు లైనులో అచ్చాయమ్మగారు

చంద్రరావుకు ఈ లోకంలో జంకు రెండింటి దగ్గరే. ఒకటి ఆఫీసు బల్ల మీది నల్ల ఫోను. రెండోది వాళ్ళ అత్తగారు. జంకు అంటే పారిపోవాలనిపించే రకం కాదు. గర్భగుడి ముందు నిలబడినప్పుడు గొంతు దానంతటదే తగ్గిపోతుందే, ఆ రకం. ఆ రెండూ ఒకే మధ్యాహ్నం కూడబలుక్కుని తన మీదికి వస్తాయని మాత్రం అతను కలలో కూడా అనుకోలేదు.

ముందు ఫోను సంగతి. రాజమండ్రి మెయిన్ రోడ్డులో ఒక మందుల షాపు పక్కనుంచి ఇరుకు మెట్లెక్కితే చంద్రరావు ఆఫీసు. అతను ఫ్యూచర్స్ బ్రోకరు. పసుపు ఇంకా కళ్ళంలో ఎండుతుండగానే, రెండు నెలల తర్వాత ఇచ్చే సరుకుకు ఈ రోజే ధర ఖాయం చేసుకునే మార్కెట్టు ఒకటుంది. అక్కడ రైతుల తరఫునా వర్తకుల తరఫునా కంప్యూటర్లో అమ్మడం, కొనడం అతని వృత్తి. ఊళ్ళో సగం మంది అది జూదమనుకుంటారు. మిగతా సగం మంది అదేమిటని అడిగి, అతను చెప్పడం మొదలుపెట్టగానే గడియారం చూసుకుంటారు.

ఆ వృత్తికి కట్టుబాట్లున్నాయి. నల్ల ఫోనులో ప్రతి మాటా రికార్డవుతుంది. క్లయింటు తన సొంత గొంతుతో ఇంత కొనండి, ఇంత అమ్మండి అని అందులో చెబితే తప్ప చంద్రరావు చెయ్యి మౌసు మీదికి పోదు. ఆ రికార్డులు ఏళ్ళ తరబడి దాచాలి. మన గోదావరి జిల్లాల్లో ఇదెంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఇక్కడ మర్యాద ఎక్కువ, సూటి మాట తక్కువ. "మీకు తెలియందేముందండి, మీరే చూసి చేసెయ్యండి" అంటారు. "నాకు తెలిసింది కాదండి, మీకేం కావాలో మీ నోటితో చెప్పండి" అని బతిమాలడంలోనే అతని జుట్టు సగం నెరిసింది.

ఇంకో కట్టుబాటు ఉంది, అది మరీ గట్టిది. ఒక క్లయింటు ఆర్డరు చేతిలో ఉండగా, అదే సరుకులో బ్రోకరు తనది గానీ తన వాళ్ళది గానీ ముందు దూర్చకూడదు. ఆ ఆర్డరు గుట్టు ఎవరికీ చెప్పకూడదు. ఎవరికీ అంటే భార్యక్కూడా. బంధువుల ఖాతాలు ఏవేవున్నాయో ముందే రాసిచ్చి, వాటిని ఆఫీసులో రెండో మనిషికి అప్పగించాలి. ఆ రెండో మనిషి శ్యాంబాబు; అతను లేని రోజు తానే వెయ్యాల్సివస్తే ఆ సంగతి రాసిపెట్టాలి. చంద్రరావు రాసిచ్చిన బంధువు ఒక్కరే, వాళ్ళ అత్తగారు.

అచ్చాయమ్మగారిది కొవ్వూరు దగ్గర పల్లె. గోదావరి మధ్య లంకలో నాలుగెకరాల పసుపు. భర్త పోయాక ఆవిడే పడవెక్కి లంకలోకి వెళ్ళి దుంప నాటించింది, తవ్వించింది, ఉడకబెట్టించింది. పెద్ద వరద వచ్చిన ఏడాది, గట్టు మీద జనం చూస్తుండగా, విత్తనం పసుపు బస్తాలు పడవకెత్తించి, ఆ బస్తాల మీదే కూర్చుని ఎర్ర నీళ్ళలోంచి వచ్చిందావిడ. చంద్రరావు ఆ రోజు గట్టు మీదే ఉన్నాడు. చెయ్యి అందిద్దామని ముందుకు వెళ్ళినవాడు, ఆవిడ దిగే తీరు చూసి, తెలియకుండానే రెండు చేతులూ జోడించాడు. ఆవిడ కొంగు సవరించుకుని, తల పక్కకు తిప్పుకుని, "బస్తాలు నీడకి చేర్పించమని మీ ఆయనకి చెప్పవే" అంది కూతురితో.

అదీ అసలు సంగతి. అచ్చాయమ్మగారు అల్లుడితో మాట్లాడదు. కోపమేం కాదు, గౌరవం. వాళ్ళ ఇళ్ళల్లో వెనకటి పద్ధతి అది: అల్లుడికి అత్తగారు ఎదురు పడకూడదు, నేరుగా పలకరించకూడదు. అందరి ఇళ్ళల్లోనూ ఆ పద్ధతి ఎప్పుడో అటకెక్కింది. అచ్చాయమ్మగారు మాత్రం దించలేదు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటినా చంద్రరావుకు ఆవిడ అంటే తలుపు చాటున ఒక చీర అంచు, ఒక గొంతు.

మధ్యలో నలిగేది దుర్గాశ్రీ, చంద్రరావు భార్య. అల్లుడు భోంచేస్తుంటే తలుపు వెనక నుంచి, "ఇంకాస్త పులుసు వేయించుకోమని చెప్పవే" అని వినబడేది. దుర్గాశ్రీ భర్త వైపు తిరిగి, "ఇంకాస్త పులుసు వేయించుకోవాలంటండి" అనేది. "చాలని చెప్పు దుర్గా" అనేవాడు. దుర్గాశ్రీ తలుపు వైపు తిరిగి, "చాలంటమ్మా" అనేది. ముగ్గురూ ఉన్నది ఒకే వసారాలో. అందరికీ అన్నీ వినబడేవి. అయినా ప్రతి మాటా దుర్గాశ్రీ నోటి మీదుగా వెళ్ళాల్సిందే. వడ్డనంతా, మాటల మోతంతా అయ్యేసరికి దుర్గాశ్రీ అన్నం చల్లారిపోయేది.

ఓసారి ఆ వసారాలోనే చంద్రరావు పక్కింటి రైతుకు ఫ్యూచర్స్ గురించి వివరిస్తుండగా తలుపు చాటున విన్నదే అచ్చాయమ్మగారి చదువు. "అంటే పంట చేతికి రాకముందే కౌలు మాట్లాడుకున్నట్టన్నమాట" అని తలుపుకు చెప్పింది. ఏళ్ళ తరబడి క్లయింట్లకు తాను చెప్పలేకపోయిన ముక్క అదేనని చంద్రరావు నివ్వెరపోయాడు. ఖాతా తెరిచాక శ్యాంబాబుతో ఆవిడ గలగలా మాట్లాడేది. ఏ చిక్కూ రాలేదు.

ఈ ఏడాది పసుపు తవ్వకాల రోజుల్లో శ్యాంబాబు చెల్లెలి నిశ్చితార్థమని అమలాపురం వెళ్ళాడు. ఆ ఉదయమే సత్యప్రసాద్ గారు నల్ల ఫోనుకు ఫోన్ చేశారు. గోడౌన్ల నిండా పసుపున్న పెద్ద వర్తకుడాయన. "మే నెల పసుపు అరవై లాట్లు అమ్మెయ్యండి. రెండు దాటాక వెయ్యండి, అప్పటికి కొనేవాళ్ళు పోగవుతారు" అన్నారు. చంద్రరావు అంకె తిరిగి చదివి వినిపించాడు. పెట్టేశాక కుర్చీలో వెనక్కి వాలాడు. లాటుకు యాభై క్వింటాళ్ళు; పసుపులో అరవై లాట్లు ఒక్కసారిగా పడితే ధర జారుతుంది. ఆ సంగతి ప్రస్తుతానికి ఇద్దరికే తెలుసు.

ఒంటి గంట వేళ నల్ల ఫోను మోగింది. "నమస్కారమండీ. నేను అచ్చాయమ్మనండి. మే నెల పసుపు రెండు లాట్లు అమ్మెయ్యండి."

చంద్రరావు కళ్ళు మూసుకున్నాడు. "దుర్గా, ఫోన్ పెట్టెయ్" అన్నాడు.

పసుపు ఎండబెట్టించడానికని దుర్గాశ్రీ రెండు రోజులుగా పుట్టింట్లోనే ఉంది. "ఎలా కనిపెట్టారండీ? మా అమ్మ గొంతూ నా గొంతూ ఒకేలా ఉంటాయని ఊరంతా అంటుంది కదా!" అంది అటు నుంచి.

"అందుకే నా భయం. ఇదంతా రికార్డవుతోంది. ఆవిడ ఆర్డరు ఆవిడే చెప్పాలి."

"ఆవిడ మీతో ఎలా మాట్లాడుతుందండీ? మీకు తెలీదా? ధర ఈ రోజు బాగుందంట, రేపటికి ఉంటుందో ఉండదో అంటోంది. ఏడాది కష్టమండీ ఇది. పక్కనే కూర్చునుంది, ఊఁ అంటోంది, వినండి."

తొందరగా చెప్పించు అనబోయాడు చంద్రరావు. మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. తొందర అన్నా తప్పే. సత్యప్రసాద్ గారి గుట్టు ఆ ఒక్క మాటలో బయటపడుతుంది. పోనీ, రేపు శ్యాంబాబు వచ్చాక చెప్పమందామా? రేపటికి ధర ఏమవుతుందో తెలిసి ఆ సలహా ఇవ్వడం ఇంకా పెద్ద తప్పు. తెలిసిన మనిషికి నోరుండడమే తప్పు ఆ పూట. "ఆవిడే చెప్పాలి" అని మళ్ళీ అదే అని పెట్టేశాడు.

కాసేపటికి మళ్ళీ మోగింది. ఎత్తాడు. అటు నుంచి మాట లేదు. గాలి హోరు, ఎక్కడో కాకి, దగ్గరగా ఒక ఊపిరి. చంద్రరావు హలో అనలేదు. ఎందుకో అనాలనిపించలేదు. ఎంతసేపలా గడిచిందో గానీ, చివరికి ఆ గొంతు వచ్చింది.

"అల్లుడుగారూ."

చంద్రరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఎవరూ చూడటం లేదు, అయినా నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళకు పైగా గోడకూ తలుపుకూ చెప్పిన గొంతు, తనను పిలుస్తోంది.

"చెప్పండి అత్తయ్యగారూ" అన్నాడు. ఆ పిలుపు తన నోట్లో కూడా కొత్తగానే ఉంది.

"నా పేరు అచ్చాయమ్మండి. మే నెల పసుపు, రెండు లాట్లు, ఇప్పుడున్న ధరకి అమ్మాలండి. ఇది నా మాట." ఒక్క అక్షరం తడబడలేదు. వరదలో పడవ దిగిన మనిషే మళ్ళీ దిగినట్టుంది.

గోడ గడియారం ఇంకా రెండు కాలేదు. మౌసు చేతి కిందే ఉంది. రెండు లాట్లెంత, ఒక్క నొక్కు. ఆర్డరు నిజమైనదే, గొంతు ఆవిడదే, అడిగింది ఆవిడే. కానీ అరవై లాట్లు రాబోతున్నాయని తెలిసిన చేత్తో, సొంత అత్తగారి సరుకు దానికి ముందు అమ్మడం! ఎవరూ పట్టుకోలేరు. పట్టుకోలేరన్నదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"అత్తయ్యగారూ," అన్నాడు, "ఇప్పుడే వెయ్యలేనండి. నాకు వీలయ్యాక వేస్తాను."

"ఎందుకనండి?"

"చెప్పకూడదండి."

ఎవరైనా అయితే ఏమనేవారో చంద్రరావుకు తెలుసు. నేను ఇన్నేళ్ళ కట్టు తెంచుకుని నోరు విప్పితే మీరిచ్చే మర్యాద ఇదా అని ఉండేవారు. అనవలసిందే కూడా. అతను తల వంచుకుని ఆ మాట కోసం కాచుకున్నాడు.

"సరేనండి," అంది అచ్చాయమ్మగారు. "మీకు వీలైనప్పుడే వెయ్యండి, అప్పుడున్న ధరకే. నా మాట చెప్పినట్టే ఉంటుంది."

ఫోను పెట్టేసింది. చంద్రరావు చాలాసేపు నిలబడే ఉన్నాడు. ఈవిడ ఎంత మనిషి అనుకున్నాడు. అంతకు మించి ఏమనుకోవాలో అతనికి తెలియలేదు.

రెండు దాటాక సత్యప్రసాద్ గారి అరవై లాట్లు వేశాడు. ధర జారింది. అవన్నీ పూర్తయ్యాక అత్తగారి రెండు లాట్లూ వేశాడు. క్వింటాలుకు మూడొందల పైచిలుకు పోయింది. రాసుకోవలసిన చోట రాసుకున్నాడు: క్లయింటు అత్తగారు, ఆర్డరు వచ్చిన వేళ, వేసిన వేళ, ఆపిన కారణం. ఫోన్ చేసి ధర చెబితే దుర్గాశ్రీ ఎత్తింది. విని, వెంటనే పెట్టేసింది.

సాయంత్రం పుట్టింటి నుంచి ఇంటికొచ్చాక మాత్రం వదిలిపెట్టలేదు. "ఇన్నేళ్ళు మీ ఇద్దరి మాటలూ మోసి మోసి నా నోరు అరిగిపోయింది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, మా అమ్మ తనంతట తాను మీతో మాట్లాడింది. మీరు కాదన్నారు. ఎందుకో నాక్కూడా చెప్పరు. మీకు మేము ఎవరమండీ?"

ఆ వారమంతా ఆ ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడలేదు.

ఆదివారం భోజనానికి రమ్మని అచ్చాయమ్మగారి దగ్గరనుంచి కబురొచ్చింది. గోదావరి వంతెన దాటుతున్నంతసేపూ బండి మీద వెనక కూర్చున్న దుర్గాశ్రీ మూగనోము పట్టింది. ఖాతా మూసెయ్యమంటుంది, అంతకన్నా ఏముంటుంది అనుకున్నాడు చంద్రరావు. ఖాతా పోతే పోనీ. ఆవిడ దృష్టిలో ఇక తానేమిటన్నదే అతన్ని తొలిచేస్తోంది. ఎండుతున్న పసుపు వాసన వీధి మొగలోనే ఎదురొచ్చింది. వసారాలో పీట, అరిటాకు. దుర్గాశ్రీ అలవాటుగా వంటింట్లోకి వెళ్ళబోయింది.

తలుపు తెరుచుకుని అచ్చాయమ్మగారే బయటికొచ్చింది. చేతిలో పనసపొట్టు కూర గిన్నె. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, పసుపు అంటిన వేళ్ళతో, నేరుగా వచ్చి అల్లుడి ఎదుట నిలబడింది. చంద్రరావు లేవబోయాడు.

"కూర్చోండి," అందావిడ. "ఆకు ముందు నుంచి లేవకూడదు."

వడ్డించింది. అప్పుడు చెప్పింది. "నాతో మాట్లాడాక ధర పడింది. ఆ పూట మీ చేతిలో పెద్ద సరుకేదో ఉందని నాకు తెలిసిపోయింది. ఎవరిదండి?"

చంద్రరావు ఆకు వైపే చూస్తూ ఊరుకున్నాడు.

అచ్చాయమ్మగారి ముఖంలో చిన్న నవ్వు వచ్చింది. అతను ఆ నవ్వు చూడడం అదే మొదలు. "ఇప్పుడూ చెప్పరు. నాకు కావలసిందీ అదేనండి. శ్యాంబాబు మంచివాడే, కానీ నా ధర ఎవరి చెవిన వేస్తాడోనని లోపల ఒక బెరుకుండేది. ఇప్పుడు లేదు. మీరున్న చోట నా గుట్టు కూడా అలాగే ఉంటుంది. ఖాతా ఎక్కడికీ పోదు."

గడప దగ్గర నిలబడిపోయిన దుర్గాశ్రీ కళ్ళు తుడుచుకుంది. ఏడాది కష్టంలో కొంత పోగొట్టుకుని, పోగొట్టిన మనిషికి స్వయంగా వడ్డిస్తున్న ఆ చేతుల్ని చూస్తూ కూర్చున్నాడు చంద్రరావు.

"అలా నిలబడ్డావేంటే," అంది అచ్చాయమ్మగారు కూతురితో, ఇంకో ఆకు పరుస్తూ. "నువ్వు కూడా కూర్చుని వేడి వేడిగా తిను. మా మాటలు మేం మాట్లాడుకుంటాం."

దుర్గాశ్రీ వచ్చి భర్త పక్కన కూర్చుంది. అచ్చాయమ్మగారు గరిటె ఎత్తి, "పులుసు వెయ్యనాండి?" అని అడిగింది.

"చాలని చెప్పు దుర్గా" అన్నాడు చంద్రరావు, ఇరవై ఏళ్ళ అలవాటు చొప్పున.

దుర్గాశ్రీ తల ఎత్తలేదు. పొగలొస్తున్న అన్నంలో పప్పు కలుపుకుంటూ, "ఆవిడకే చెప్పండి" అంది.